రెండు వేళ్ల సందు

"కిటికీ ఎవరు తీశారు?"

అత్తగారి కంటే ముందు ఆమె గొంతు వంటింట్లోకి వచ్చింది. పెనంలో కొవ్వు మాడి పొగ కమ్ముకుందని జోరిత్సా కిటికీ రెక్కను వేలెడంత తెరిచింది. వేలెడంటే వేలెడే. సరిగ్గా అప్పుడే ఆమె భర్త నెబోయ్షా, బాయిలర్‌లో కట్టెలు వేసి, తడి తలతో గ్యారేజీ వైపు తలుపు తెరుచుకుని లోపలికి వచ్చాడు.

"ఇటు కిటికీ, అటు తలుపు, మధ్యలో తడి తల!" అత్తగారు రాదొయ్కా మెడకున్న ఉన్ని గుడ్డను ఇంకో చుట్టు చుట్టుకుంది. "చావుకని దాచుకున్న నా నల్లబట్టలు ఇస్త్రీ చేసి పెట్టండి. ఇంకేం మిగిలింది?"

"పొగ పోతుందని తీశానత్తయ్యా."

"పొగకి ఎవరూ పోలేదమ్మా. సందుగాలి కొట్టి మా పెద్దనాన్న మూతి వంకరపోయింది. పోయేదాకా ఎడమవైపే నవ్వాడు పాపం."

"ఆయన పెళ్లి ఫొటోలో కూడా ఎడమవైపే నవ్వుతున్నాడమ్మా," అన్నాడు నెబోయ్షా.

"పెళ్లిలో మాత్రం కిటికీలు లేవా? నోర్మూసుకుని తల తుడుచుకో."

జోరిత్సా కిటికీ మూసేసింది. తనూ ఈ వాల్యెవో ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. నడుం నొప్పికీ, పంటి నొప్పికీ, పిల్లలు లెక్కల్లో తప్పడానికీ రెండు సందుల మధ్య పారే గాలే కారణమని ఆమెకూ తెలుసు. డాక్టర్లు వేరే ఏవో పేర్లు చెబుతారు. అది వాళ్ల చదువు.

పెనం దగ్గర మొదలైన రగడ ఎప్పటిలాగే గ్యారేజీ తలుపు దగ్గరికి వెళ్లి ఆగింది. ముప్పై రెండేళ్ల కిందట మామగారు తిహొమిర్ తన చేతులతో కట్టుకున్న ఇల్లది. అన్నీ బాగానే కుదిరాయి కానీ గ్యారేజీ ఇనుప తలుపు కింద మాత్రం రెండు వేళ్ల సందు ఉండిపోయింది. అడిగితే, "నేల వంకరొచ్చింది, ఏం చేయను? అప్పుడు చెయ్యి తిరగలేదు," అనేవాడు. "సందు మూయించు" అంటే "ఎండలు రానీ, చూద్దాం" అనేవాడు. రాదొయ్కా ఏటా ఆ సందులో పాత కోట్లు కుక్కేది. నాలుగు రోజులు తిరక్కుండా అవి మాయమయ్యేవి. "పిల్లి లాక్కెళ్లింది" అనేవాడాయన.

ఇప్పుడాయన ఊళ్లో లేడు. నడుముకి వేడినీళ్ల వైద్యమని మూడు వారాలకు స్నానాల ఊరికి పంపారు.

"ఇదే అదను," అంది రాదొయ్కా. "ఆయనొచ్చేసరికి ఆ తలుపు సీసా మూతలా బిగిసిపోవాలి. ఆ నడుముకి నా కానుక అది."

జోరిత్సాకి ఆ మాట నచ్చింది. ఆ గ్యారేజీలో ఇప్పుడు ఆమె పీపా ఉంది. కోడలుగా వచ్చిన పద్దెనిమిదేళ్లకు, ఈ అక్టోబరులో మొదటిసారి అత్తగారు క్యాబేజీ ఊరబెట్టే పీపా ఆమె చేతికి వదిలింది. అరవై గడ్డలు. ఒక్కొక్కదాని మొదలు తొలిచి, గుంటలో ఉప్పు నింపి, ఉప్పునీళ్లు పోసి, పైన ఏటిరాయి పెట్టింది. జనవరి ఇరవైన యోవాన్ పునీతుడి రోజు, వాళ్ల ఇలవేల్పు పండుగ. నలభై మంది చుట్టాలు. ఆ ఊరిన ఆకుల్లో మాంసం చుట్టి వండిన సార్మా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, అందరూ రుచి తేల్చుకోవడానికి ఒక్క క్షణం ఆగుతారు. రాదొయ్కా ఊరబెట్టిన ఆకు గాజు ముక్కలా కరకరలాడుతుందని వీధంతా చెప్పుకుంటుంది. ఈసారి ఆ ఒక్క క్షణం జోరిత్సాది.

ఆ శనివారం ముగ్గురూ గ్యారేజీలో దిగారు. నెబోయ్షా పన్నెండు మీటర్ల రబ్బరు పట్టీ తెచ్చి అంటించబోయాడు.

"ఆగు. దుమ్ము మీద అంటిస్తే వారం కూడా ఉండదు," అని జోరిత్సా చట్రమంతా స్పిరిట్‌తో తుడిచింది. మూలల్లో పట్టీని ఏటవాలుగా కోసి, రెండు ముక్కల మధ్య గోరు కూడా దూరకుండా కలిపింది.

రాదొయ్కా చర్చి కొవ్వొత్తి వెలిగించి తలుపు అంచుల వెంట నడిచింది. మంట వణికిన చోటల్లా, "ఇక్కడ చచ్చాం!" అని అరిచింది. నెబోయ్షా పరిగెత్తుకెళ్లి అక్కడ సిలికాన్ పూశాడు. మధ్యాహ్నానికి అడుగున కూడా మందపాటి రబ్బరు బిగించాక, మంట ఫొటోకి నిలబడినట్టు కదలకుండా నిలిచింది. రాదొయ్కా శిలువ గుర్తు వేసుకుని దాన్ని ఊదేసింది.

బాయిలర్ ఉన్న గది కదా, రెండు రోజుల్లో రొట్టెల పొయ్యిలా వెచ్చబడింది. రాదొయ్కా అల్లిక సంచి తీసుకుని అక్కడే మకాం పెట్టింది. "ముప్పై రెండేళ్ల తర్వాత ఇది ఇల్లయింది," అంది.

తొమ్మిదో రోజు వాసన మొదలైంది.

మొదట నెబోయ్షా బూట్ల మీద నేరం మోపారు. అతను బూట్లు బయట పెట్టాడు. వాసన పోలేదు. మేజోళ్లు అన్నారు. తర్వాత పిల్లి అన్నారు. పిల్లి అలిగి పక్కింటికి పోయింది. వాసన మాత్రం ఇంట్లోనే ఉంది.

జోరిత్సా ఒక్కతే వెళ్లి పీపా మూత తీసింది. ఉప్పునీళ్లలో వేలు ముంచి పైకెత్తితే నీళ్లు తీగలా సాగాయి. పై గడ్డ నొక్కితే ఉడికిన వంకాయలా లోపలికి పోయింది. ఆమె మూత పెట్టేసి దాని మీదే కూర్చుండిపోయింది. పద్దెనిమిదేళ్లు ఎదురుచూసి చేతికందిన పీపాను ఏడు వారాల్లో పాడు చేసుకుంది. ఎవరికి చెప్పుకోవాలి?

ఎవరికీ చెప్పలేదు. చల్లగాలి తగిలితే బాగుపడుతుందేమోనని తెల్లవారుజామున లేచి గ్యారేజీ తలుపు జానెడు ఎత్తింది. అరగంటకు రాదొయ్కా వెళ్లి దించేసింది. మధ్యాహ్నం జోరిత్సా మళ్లీ ఎత్తింది. సాయంత్రం అత్తగారు మళ్లీ దించింది.

"ఈ తలుపు తనంతట తనే లేస్తోందేమిటే?"

"ఏమో అత్తయ్యా, స్ప్రింగు పాతదైంది."

"రేపు పూజారిగారిని పిలిచి నీళ్లు చల్లిద్దాం."

ఆదివారం తిహొమిర్ తిరిగొచ్చాడు. నడుం నిటారుగా ఉంది, మొహం ఎర్రగా ఉంది. సంచి గుమ్మంలో పెట్టి నేరుగా గ్యారేజీకి వెళ్లాడు. తలుపు కింద రబ్బరు చూశాడు. గాలి పీల్చాడు. పీపా మూత ఎత్తి చూసి, వచ్చి భోజనానికి కూర్చున్నాడు.

"చూశావా నా కానుక?" అంది రాదొయ్కా సూప్ వడ్డిస్తూ.

"చూశాను. పీపా కూడా చూశాను."

"పీపాకేమైంది?"

జోరిత్సా చేతిలో గరిటె ఆగిపోయింది. తల దించుకునే, "మెత్తబడింది అత్తయ్యా. నీళ్లు సాగుతున్నాయి," అంది.



"అంటే ఆ వాసన..." రాదొయ్కా గిన్నె దభాలున పెట్టింది. "అయ్యో నా రాత! నా కొడుకు బూట్లు మంచులో పారేయించానే! ఉప్పెంత వేశావు?"

"మీరు చెప్పినంతే. త్రాసులో తూచి వేశాను."

"త్రాసా! ఉప్పు చేత్తో వెయ్యాలి. పద్దెనిమిదేళ్లు ఆగినదాన్ని పంతొమ్మిదో ఏడు కూడా ఆగాల్సింది!"

"ఆగండి అయితే!" జోరిత్సా గరిటె బల్ల మీద పడేసింది. "నేనీ ఇంట్లో అంట్లు తోమడానికి పనికొస్తాను, మూలలు తుడవడానికి పనికొస్తాను. ఒక్క పీపాకి పనికిరాను. అదే అందరి ముందూ చెప్పండి, పండుగ నాడు!"

నెబోయ్షా సూప్‌లోకి చూస్తూ ఒకే నూడుల్‌ని అటూ ఇటూ తోస్తున్నాడు.

"ఉప్పు తప్పు కాదు," అన్నాడు తిహొమిర్. "ఆ పిల్ల చెయ్యీ తప్పు కాదు. పీపాకి చల్లగాలి లేదు. ఒరేయ్, ఆ బుట్టలోంచి ఒక అక్రోటు తీసుకురా. అందరూ రండి."

మెడల్లో తువ్వాళ్లతోనే నలుగురూ గ్యారేజీలోకి నడిచారు. తిహొమిర్ వంగి ఆ గుండ్రటి కాయను తలుపు దగ్గర నేల మీద పెట్టాడు. అది కదల్లేదు. ఇంకో చోట పెట్టాడు. అక్కడా కదల్లేదు.

"వంకర నేల ఏదీ?" అన్నాడు.

"మరి సందు?" అంది రాదొయ్కా.

"నేనే కోశాను. ఈ ఇంట్లో నీ మొదటి పీపా గుర్తుందా? బాయిలర్ వేడికి ఇలాగే సాగింది. పండుగ నాడు మా అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని పక్కన పెట్టేసింది. మూడు రోజులు ఏడ్చావు. నువ్వు పుట్టింటికి వెళ్లినప్పుడు తలుపు ఊడదీసి, కింద రెండు వేళ్లు కోసేశాను. ఆ మరుసటేడు నుంచే కదా నీ ఆకు గాజు ముక్కలా కరకరలాడింది!"

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"సందుగాలి కావాలని పెట్టానంటే నువ్వు ఊరుకునేదానివా? నేల వంకరన్నాను. ముప్పై రెండేళ్లు వంకర మేస్త్రీనయ్యాను. మీ తమ్ముడు ఇప్పటికీ పండుగకి వచ్చినప్పుడల్లా నేల మట్టం చూసుకోమని మట్టపు గొట్టం కానుకిస్తాడు. నాలుగున్నాయి."

"మరి నా కోట్లు?"

"నేనే తీసేవాణ్ని. పిల్లి పాపం ఏమీ ఎరగదు. వరసగా మూడు పిల్లులు ఆ నింద మోశాయి."

నెబోయ్షా నవ్వాపుకోలేక బాయిలర్ వైపు తిరిగాడు. రాదొయ్కా నవ్వలేదు. కిందికి వంగి, ఆ రబ్బరు మీద, దాని వెనక కోసిన ఇనుప అంచు మీద వేళ్లు రాసింది. లేచినప్పుడు ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. మెడకున్న ఉన్ని గుడ్డతోనే తుడుచుకుంది.

"మా అత్త ముద్ద పక్కన పెట్టిన సంగతి నేనే మర్చిపోయానమ్మా," అంది జోరిత్సాతో. "పదండి, సూప్ చల్లారిపోయింది."

మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నారు. రాదొయ్కా చల్లారిన సూప్ రెండు చెంచాలు తాగింది. ఆ ఇంట్లో చల్లటి సూప్ ఆమె తాగడం అదే మొదలు. చెంచా పక్కన పెట్టి, గొంతు సవరించుకుంది.

"నెబోయ్షా, తిన్నాక అడుగు పట్టీ ఊడదీసెయ్. అడుగుది మాత్రమే. పక్కలవీ పైదీ ఉండనీ. ఒక్క సందుంటే అది వట్టి గాలి. రెండుంటేనే చావు."

"అలాగే అమ్మా."

"జోరిత్సా, పై వరస పారేద్దాం. నీళ్లు వంపి, కొత్త ఉప్పునీళ్లు పోసి, రోజూ తిరగతోడదాం. అడుగున గట్టివి ఉంటాయి. చాలకపోతే చాలవు. పండుగ నాడు చుట్టాలెవరైనా ముద్ద నోట్లో పెట్టుకుని ఆగితే, నా మొదటి పీపా కథ నేనే నిలబడి చెబుతాను. వచ్చే ఏడూ, ఆపై ఏడూ కూడా పీపా నీదే. ఇది నా మాట." భర్త వైపు తిరిగింది. "నువ్వు నడుముకి ఉన్ని పట్టీ కట్టుకో, అబద్ధాలకోరు మేస్త్రీ!"

"త్రాసు వాడనా అత్తయ్యా?" అంది జోరిత్సా, కళ్లు ఒత్తుకుంటూ.

"వాడు. కానీ చుట్టాల ముందు చెప్పకు."