దూది సందులో నీలిపూల చీర

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు వదిలి లోపలికి తిరిగితే, మూతబడిన పాత పత్తి మిల్లు గోడకూ జయరాం వర్క్‌షాపు వెనక గోడకూ నడుమ ఒక సందు ఉంది. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగాల్సిందే, అంత ఇరుకు. దూది సందు అంటారు. మిల్లు మూతబడి ఏళ్ళయినా గోడ పగుళ్ళలోంచి ఇంకా దూది రాలుతూనే ఉంటుంది మరి.

పగలు ఆ సందు అందరిదీ. చీకటి పడితే మాత్రం — భీమమ్మది.

భీమమ్మ ఆ మిల్లులో కూలికి పోయేది. మిషన్‌ను తిప్పే బెల్టు పట్టాకు జుట్టు చిక్కి చచ్చిపోయింది. పట్టాకు అడ్డంగా ఒక ఇనప జాలీ బిగించి ఉంటే బతికేది. కూలిదాని జుట్టు కోసం జాలీ ఎవరు బిగిస్తారు? బతికున్నన్నాళ్ళూ మేస్త్రీ ఆమెను "ఏయ్, ఆ మూలదానా" అనే పిలిచినాడంట. దెయ్యమయ్యాకే ఊరు ఆమెను పేరుపెట్టి పిలవడం నేర్చుకుంది.

అయితే ఇన్నేళ్ళూ గమ్మునున్న మనిషి పోయిన వానాకాలంలోనే ఎందుకు లేచిందని మాత్రం ఎవరూ అడగలేదు.

సందు మొగలో నిలబడి చూసినవాళ్ళంతా చెప్పేది ఒకటే. నడిసందులో, గోడ పక్కన, తెల్లగా ఏదో గిరగిరా తిరుగుతుంది. ఊఁ... అని మూలుగుతుంది. పొద్దుగూకాక నిండుగా ఉంటుంది, తెల్లారేకొద్దీ చిక్కిపోతుంది. కరెంటు పోయిన రాత్రి అసలు రాదు. వెలుతురుకు జడిసే దెయ్యాల గురించి అందరం విన్నాం. చీకటికి జడిసే దెయ్యాన్ని మాత్రం ఆదోనిలోనే చూడాలి.

ఈ కథను అందరికంటే బాగా చెప్పేవాడు అయ్యన్న. జయరాం షాపులో టర్నరు, పాతికేళ్ళుగా లేతు మిషన్ మీద ఇనుము చెక్కిన చెయ్యి.

"నా కండ్లతో సూసినానప్పా," అనేవాడు టీ అంగట్లో గొంతు తగ్గించి. "రాత్రిపూట ఆ పక్క పోవద్దండి. ఎనక నుంచి జుట్టు పట్టుకుంటాది."

"నీకేం భయంలే అయ్యన్నా," అన్నాడు టీ అంగడి సుంకప్ప, "పట్టుకోడానికి నీ తలకాయ మీద ఏముంది?"

అందరూ నవ్వినారు. అయ్యన్న నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, "నవ్వులాట కాదప్పా... పోవద్దండి," అన్నాడు మళ్ళీ.

అతని పెళ్ళాం ఉరుకుందమ్మ. పగలంతా ఇంకో పత్తి మిల్లులో నిలబడి పత్తిలో చెత్త ఏరుతుంది. సాయంత్రం ఇల్లు చేరి రొట్టెలు కాల్చి, రాత్రి డ్యూటీలో ఉన్న మొగునికి టిఫిన్ డబ్బా తీసుకుపోతుంది. సందులోంచి పోతే షాపు నాలుగడుగులే. కానీ మొగుడు ఒట్టేయించుకున్నాడు కాబట్టి మార్కెట్టు చుట్టూ తిరిగి పోయేది. మోకాళ్ళు తిట్టేవి. ఆమె మోకాళ్ళను తిట్టేది.

రాత్రి డ్యూటీ ఎందుకంటే, కొత్త మిషన్ వచ్చింది. ఎమ్మిగనూరు మగ్గాలకూ పత్తి మిల్లులకూ పిన్నులు చేయాలంటే పాత లేతు ఇక చాలదని, దాన్ని ఇనప సామాన్ల వానికి తూకానికి అమ్మేసి, అదే చోట సీఎన్సీ అనే కంప్యూటర్ లేతు పెట్టినాడు జయరాం. గాజు తలుపుల బీరువా లాంటి మిషన్. దానికి చక్రాలు తిప్పే చెయ్యి అక్కర్లేదు. బటన్లు నొక్కే వేలు కావాలి. పగలు వోల్టేజీ తగ్గితే అలిగి ఆగిపోతుంది. అందుకే దాని పని రాత్రిళ్ళే.

"దీపావళి దాకా సూస్తా అయ్యన్నా," అని చెప్పేసినాడు జయరాం. "ఆ లోపల మిషన్ నీ చేతికి రాకుంటే, గేటు కాడ కుర్చీ ఏసిస్తా. వాచ్‌మన్‌గా కూసో."

ఆ మాట విన్న రోజు అయ్యన్న అన్నం ముట్టలేదు. కొన్నాళ్ళకు మాత్రం, "వచ్చేసింది మే, మిషన్ చేతికొచ్చేసింది," అన్నాడు. ఉరుకుందమ్మ నమ్మింది. అనుమానపడాలన్నా ఒంట్లో కొంచెం సత్తువుండాల కదా.

ఇక ఆ రాత్రి.

పత్తి సీజను. మిల్లులో బండ్లమీద బండ్లు దిగినాయి. చీకటి పడేదాకా నిలబెట్టినారు. రొట్టెలు కాల్చేసరికే ఆలస్యమైంది. డబ్బా పట్టుకుని సందు మొగదాకా వచ్చి... ఆగింది.

మార్కెట్టు చుట్టూ దారి గుర్తొచ్చింది. మోకాళ్ళు గుర్తొచ్చినాయి.

భయపడడానికి కూడా ఓపిక కావాలి. ఆ రాత్రి ఆమెకు ఆ ఓపిక లేదు.

'పట్టుకుంటే పట్టుకోనీ. ఆమె కూడా కూలిదే, నేనూ కూలిదాన్నే,' అనుకుని సందులోకి దిగింది.

మొగలో ఉన్న దీపం వెలుతురు కొంతదూరం తోడొచ్చి నిలబడిపోయింది. పాదాల కింద దూది మెత్తగా, చల్లగా... ఏదో జంతువు వీపు మీద నడుస్తున్నట్టు.

ఊఁ...

వింది. ఆగలేదు.

ఊఁఁఁ...

నడిసందులో, వర్క్‌షాపు గోడ పక్కన, తెల్లగా తిరుగుతోంది. నేల మీది దూది లేచి దాని చుట్టూ తిరుగుతోంది. తలలేదు, కాళ్ళులేవు. ఒట్టి చీర. చీర మాత్రమే.

ఉరుకుందమ్మ మిల్లు గోడకు ఒత్తుకుంది. 'దీన్ని దాటితే షాపే,' అనుకుంది. ఈరన్న సామిని తలుచుకుంది. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగుకు కాలు ఎత్తింది —

వెనక నుంచి ఎవరో జుట్టు పట్టి గుంజినారు.

కొప్పు ఊడిపోయేంత గుంజు. మెడ వెనక్కి వంగి, ఉన్నచోటే కూలబడింది. డబ్బా ఎగిరి పడింది.

అదే క్షణంలో ఆ తెల్లటిది ఊళవేసి, వంగి, సందును అడ్డంగా కోసింది. ఠాప్! ఆమె తల పైన మిల్లు గోడ పగిలి పెళ్ళలు ఒళ్ళో పడినాయి. మళ్ళీ ఠాప్! ఠాప్ —

ఆగిపోయింది.

ఏ చప్పుడూ లేదు. చీర కిందికి వేలాడింది. దూది నిమ్మళంగా నేల మీదికి దిగింది.

ఉరుకుందమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. 'గోడకు మేకు ఉన్నట్టుంది, దానికి చిక్కింది జుట్టు,' అనుకుంది. ముందుకు చూసింది. వేలాడే చీర మీద నీలిపూలు. అంచు దగ్గర దీపం తగిలి కాలిన మచ్చ.

ఆ చీర తనది. జాతరకు కొనుక్కున్నది, చినిగిపోతే మూటలో పడేసింది.

'అయితే... చచ్చింది నేనేనా?'

వర్క్‌షాపు వెనక తలుపు తెరుచుకుంది. టార్చి వెలుతురు బయటికి వచ్చింది.

"ఎవరాడ? ఎవరది?"

"నేనే," అంది. అని, నిజంగా తనేనా అని ఒళ్ళు తడుముకుంది.

టార్చి ఆమె మీద పడింది. తర్వాత ఆమె తల పైన పగిలిన గోడ మీద. తర్వాత ఎదుటి గోడకున్న బొక్కలోంచి బయటికి పొడుచుకొచ్చి, కొండిలా వంగిపోయిన ఇనప రాడ్డు మీద. దాని కొసకు ముడేసిన చీర పేలిక.

అయ్యన్న చేతిలోంచి టార్చి కింద పడింది.

"ఈ దావన యాలొచ్చినావు మే? ఒట్టేయించుకుంటిని గదా! యాలొచ్చినావు?"

"నా చీర దానికి యాల కట్టినావు?"

అతను ఆమె పక్కనే నేల మీద చతికిలబడినాడు.

"పాత లేతు నాటి అలవాటు," అన్నాడు. "మిషన్లో పెట్టిన పొడుగు రాడ్డు ఎనక గోడ బొక్కలోంచి బయటికొస్తే కొసకు గుడ్డ కట్టాల. వచ్చేపోయేటోల్లకు కనపడాలని. అప్పుడు గానుగెద్దు మాదిరి నిదానంగా తిరుగుతాండె. ఈ మిషన్ అట్ల కాదు. ఈ సాయంత్రం మా షాపు పిల్లోడు ప్రేమ్ కుమార్ ఇంకా స్పీడు పెంచి పోయినాడు. ఆ స్పీడుకు రాడ్డు వంగిపోయింది, నేను సూసుకోలేదు. మిషన్ దడదడలాడినాక ఎర్ర బటన్ నొక్కినా."

"రాడ్డును ముక్కలు కోసి పెట్టుకుంటే ఏం రోగం నీకు?"

"ముక్క మార్చినప్పుడల్లా తెర మీద ఇంగ్లీషు అక్షరాలు సూసి కొలతను మళ్ళీ సున్నాకు పెట్టాల. నాకవి తెలీవు. ప్రేమ్ కుమార్ ఒగసారి పెట్టి పోతే, పొడుగు రాడ్డు కొంచెం కొంచెం లోపలికి పోతా రాత్రంతా పని ఎల్లిపోతాది. పచ్చ బటన్ ఒగటే నొక్కేది."

"అంటే మిషన్ నీ చేతికి రాలేదు."

"...రాలేదు."

"మరి దెయ్యం?"

అయ్యన్న తల ఎత్తలేదు. "ఎవురికన్నా తగిలితే తలకాయ పోతాది. బోర్డు పెడితే జయరామన్న సూస్తాడు. దెయ్యాన్ని పెడితే... ఎవురూ దగ్గరికొచ్చి సూడరనుకున్నా."

ఉరుకుందమ్మ పగిలిన గోడ పెళ్ళలు ఒళ్ళోంచి దులుపుకుంది.

"నీకొద్దన్న వాచ్‌మన్ ఉద్యోగం చచ్చినదానికి ఇచ్చినావా అప్పా? బతికున్నప్పుడు మిల్లోడు వాడుకున్నాడు, చచ్చినాక నువ్వు. జీతమన్నా ఇచ్చినావా భీమమ్మకు?"

అతను ఏడ్చినాడు. ఆమె ఆపలేదు. ఓదార్చడానికి రేపు కూడా ఉంటుంది.

"పొద్దున్నే పోయి జయరామన్నకు నువ్వే సెప్పు."

"గేటు కాడ కూసోబెడతాడు మే."

"కూసోబెట్టనీ. వాచ్‌మన్ తెల్లారి ఇంటికొస్తాడు. మనిషిని సంపిన టర్నరు యాడికి పోతాడు?"

అయ్యన్న చెప్పినాడు. జయరాం అరిచిన అరుపులు రోడ్డుదాకా వినపడినాయి. ప్రేమ్ కుమార్ మాత్రం తల గోక్కుంటూ, "అక్షరాలు రావని ముందే సెప్పకూడదా మామా, నేనేం నగుతానా?" అన్నాడు. నవ్వేవాడే, అది వేరే సంగతి. సాయంత్రం చెల్లెలి గోళ్ళరంగు తెచ్చి, నొక్కాల్సిన బటన్ల మీద వరసగా చుక్కలు పెట్టినాడు. గేటు దగ్గర కుర్చీ ఇంకా వేసే ఉంది. దాంట్లో ఎవరు కూర్చుంటారో దీపావళికి తేలుతుంది.

అంతకుముందు చెయ్యాల్సిన పని ఒకటి మిగిలింది. మర్నాడు పొద్దున అయ్యన్న నాలుగు ఇటుకలూ సిమెంటూ తెచ్చి గోడ బొక్క మూసినాడు. ఉరుకుందమ్మ మిల్లుకు పోతూ పోతూ సందులోకి వచ్చింది.

తను కూలబడిన చోటు వెతకనక్కర్లేదు. చిందిన పప్పు మరక ఉంది. దాని పైన, సరిగ్గా తను నిలబడితే గొంతు వచ్చే ఎత్తులో, మిల్లు గోడకు లోతైన గాటు ఉంది. కూలబడకుండా నిలబడే ఉంటే...

మిల్లు గోడను అరచేత్తో తడిమింది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి. వెనక్కి నాలుగడుగులు నడిచి మళ్ళీ తడిమింది. పగుళ్ళు లేని ఆ మేర గచ్చు మజ్జిగ తేరినట్టు నున్నగా ఉంది. మేకు లేదు. మేకు ఊడిపోయిన గుంత కూడా లేదు.

చెయ్యి దానంతట అది కొప్పు మీదికి పోయింది. కుదుళ్ళు ఇంకా నొప్పిగా ఉన్నాయి.

"ఏం దేవులాడుతాండావు మే?" అన్నాడు అయ్యన్న, తాపీ కడుక్కుంటూ.

"ఏమీ లేదులే."

"ఇంగ జనం నిమ్మళంగా తిరగొచ్చు. ఆ దెయ్యమంతా నేను కల్పించిందేనని, ఈడ ఏమీ లేదని, సుంకప్ప అంగట్లో అందరికీ సెప్పేస్తా."

ఉరుకుందమ్మ ఆ నున్నటి గోడవైపు ఇంకోసారి చూసింది. వదులైన కొప్పు బిగించి ముడేసుకుంది.

"రాడ్డు లేదని సెప్పు," అంది. "అంతవరకే సెప్పు."