గురువులు చూసిన నిమిషం

పోటు వచ్చే వేళ నీలంపేట వీధులన్నీ ఓ పక్కకి కాస్త ఒరుగుతాయి. భీమిలికి తూర్పున, సముద్రం మీద తేలే ఆ నగరంలో పుట్టినవాళ్లకి అది పట్టదు. గ్లాసులో టీ తొణకకుండా పట్టుకుని, కబుర్లాడుకుంటూ నడిచిపోతారు. ఆ ఉదయం మాత్రం ఏ టీ కొట్టు దగ్గర చూసినా ఒకటే కబురు. మేయరు పదవికి నిలబడిన మైలపల్లి సుభాషిణి గురించి, అంతకంటే ఎక్కువగా ఆమె భర్త గురించి.

"అత్తగారు దాటేదాకా వంతెన ఆపిందంట. ముసలమ్మ ఇటు అడుగెట్టగానే విడిచేసిందంట."

"మొగుడు పక్కనే ఉన్నాడు గదేటి. ఆడు చెప్పకుండా చేస్తాదా?"

గురువులు ఆ మాటలు విననట్టే నడిచాడు. అలల నుంచి కరెంటు తీసే కేంద్రంలో అతను ఇంజనీరు. భార్య రాజకీయాల్లో ఎన్నడూ వేలు పెట్టలేదు. అయినా ఎన్నికలు దగ్గరపడేకొద్దీ జనం అతన్నే ఎక్కువగా తవ్వుతున్నారు.

వాళ్లు తవ్వుతున్నది ఎనిమిదేళ్ల కిందటి తుపాను. నగరంలోని పేటలన్నీ ఉక్కు వంతెనలతో మధ్యపేటకి కట్టి ఉంటాయి. ఆ రోజు ఉత్తరపేట లంగరు తెగి, కొట్టుకుపోతూ మధ్యపేటని కూడా లోతుల్లోకి లాగడం మొదలెట్టింది. వంతెనని విడిపించే మీట రేవు కౌన్సిలరుగా ఉన్న సుభాషిణి చేతిలో ఉంది. జనం వంతెన మీద పడి ఇవతలికి పరిగెడుతున్నారు. వాళ్లలో గురువులు తల్లి కూడా ఉంది. సుభాషిణి ఆగి, ఆగి, చివరికి మీట లాగింది. అవతల మిగిలిపోయిన కొందరు తిరిగి రాలేదు. వాళ్లు అప్పటికి వంతెన మీద ఉన్నారా, అసలు వంతెన దాకానే రాలేకపోయారా అన్నది ఎవరికీ తెలియదు. కెమెరాలు అంతకు ముందే పాడయ్యాయి. ఆ వానలో ఎవరి వెనక ఎవరు దాటారో దాటినవాళ్లకే గుర్తులేదు.

అది తేల్చగలిగింది ఒక్కటే. డాక్టర్ మెహరున్నీసా కనిపెట్టిన క్షణదర్శిని.

మనిషి ఒక సంగతిని గుర్తు చేసుకున్న ప్రతిసారీ దాన్ని కొంచెం దిద్దుకుంటాడు. కానీ కన్ను చూసింది, చెవి విన్నది, గుండె అదిరింది, ఇవన్నీ మెదడు అట్టడుగున న్యూరాన్లలో చెక్కుచెదరకుండా ముద్రపడి ఉంటాయి. ఆ స్మృతిముద్రని పైకి తీసి, మరో మనిషి ఇంద్రియాలకి అందిస్తుంది క్షణదర్శిని. అందులో కూర్చున్నవాళ్లు ఒక నిమిషం పాటు ఆ మనిషే అయిపోతారు. అభ్యర్థుల ముద్రలు మాత్రం చట్టం ఒప్పుకోదు. పదవి మీద ఆశ ఉన్నవాళ్లు ఏ మందులతోనో వాటిని చెరిపే ప్రయత్నం చేస్తారని భయం. అందుకే పక్కనున్నవాళ్ల జ్ఞాపకం కావాలి. ఆ రోజు పక్కనున్నది గురువులు ఒక్కడే.

"ఇష్టం లేకపోతే ఇక్కడితో ఆపేద్దాం," అంది మెహరున్నీసా, అతను ల్యాబ్‌లోకి రాగానే. "కనబడిందే కాదు, మీ లోపల అనిపించింది కూడా వస్తుంది. కూర్చున్నవాళ్లకి అది తమకే అనిపించినట్టుంటుంది."

గురువులు భయమంతా అదే. అమ్మ వంతెన దాటిన క్షణంలో అతని లోపల ఒక మాట మెదిలింది. 'ఇంక చాలు, విడిచేయ్.' వెనక ఇంకా జనం ఉన్నారని తెలిసి కూడా. పైకి అనలేదు. కానీ అనుకున్నాడు.

ముందురోజు ఆ సంగతి భార్యకి చెప్పబోతే, చేప ముక్కలకి ఉప్పు రాస్తున్న సుభాషిణి తలెత్తలేదు.

"అందరూ చూస్తారు. నువ్వూ చూస్తావా?" అని అడిగాడు.

"నేనెందుకు చూడ్డం? నువ్వేటనుకున్నావో అప్పుడే తెలుసు. నీ మొహం కనిపించింది గదా."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాటైనా అన్లేదేం?"

"అమ్మ కోసం అనుకున్నావు. దాన్లో అనడానికేటుంది?"

ఆపొద్దన్నాడు గురువులు. అతని ముద్ర పైకి తీశాక, యంత్రంలో మొదట అతన్నే కూర్చోబెట్టారు. కళ్లు మూసుకోగానే ఎనిమిదేళ్ల కిందటి వాన మొహం మీద కొట్టింది. కాళ్ల కింద నేల ఒరిగింది. మధ్యపేట ఉక్కంతా బాధతో మూలుగుతున్నట్టు మోత. ఆ రోజు అతని మనసంతా వంతెన మీదే ఉంది. కానీ అతని కన్ను, చెవి అతనికి తెలియకుండానే ఇంకొకటి దాచిపెట్టాయి. పక్కన సుభాషిణి పెదాలు కదులుతున్నాయి. వానలోంచి ఒక్కో నీడ తేలి వస్తుంటే, ఎవరికీ వినబడనంత మెల్లగా పిలుస్తోంది. "రా తల్లీ... రా నాన్నా... రా తల్లీ..."

గురువులు తల్లి వచ్చింది. "రా తల్లీ." ఆ వెనకే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. "రా నాన్నా." రెండు పిలుపులకీ వెంట్రుకవాసి తేడా లేదు. వంతెన ఖాళీ అయింది. నేల ఇంకా ఒరిగింది. అయినా సుభాషిణి, ఇంకెవరైనా వస్తారేమోనని మీట మీద చెయ్యి వేసుకుని ఆ చీకట్లోకి చూస్తూనే ఉంది. ఎవరూ రాలేదు. అప్పుడు లాగింది.

గురువులు కళ్లు తెరిచాడు. ఇన్నేళ్లుగా ఒకే కంచం దగ్గర కూర్చున్న మనిషి, సముద్రమంత లోతుగా కనిపించింది.

తర్వాత వారమంతా జనం బారులు తీరి ఆ నిమిషంలో కూర్చున్నారు. తిట్టుకుంటూ లోపలికి వెళ్లినవాళ్లు ఆ తిట్లు మరిచిపోయి బయటికొచ్చారు. ఒక పెద్దాయన గురువులు భుజం మీద చెయ్యేసి, "నాకూ విడిచెయ్యాలనే అనిపించింది, బాబూ," అని వెళ్లిపోయాడు. యంత్రంలో కూర్చున్నంతసేపూ మెహరున్నీసా అందరి నాడీ పరీక్షించింది. ముసలమ్మ దాటగానే ప్రతి ఒక్కరి గుండె కుదుటపడింది. ఆ తర్వాత వచ్చే జనం కోసం ఎవరి గుండే తల్లడిల్లలేదు.

నింద పూర్తిగా తొలగిపోయింది. పత్రికలు సుభాషిణిని దేవతని చేశాయి.

ఎన్నికల్లో ఆమె చిత్తుగా ఓడిపోయింది. "ముందు మనవాళ్లు, తర్వాతే ఎవరైనా" అని ప్రచారం చేసిన శ్యాంప్రకాష్ గెలిచాడు.

ఫలితాలు వచ్చిన మర్నాడు, తన స్మృతిముద్రని వెనక్కి తీసుకోవడానికి గురువులు ల్యాబ్‌కి వెళ్లాడు. చిన్న గాజు బిళ్లని అతని చేతిలో పెడుతూ మెహరున్నీసా తల వంచుకుంది.

"జనానికి ఇంకేం కావాలండీ?" అన్నాడు గురువులు. "తనవాళ్లని చూసుకుందన్నారు. చూసుకోలేదని తేలింది కదా."

"అందుకే భయపడ్డారు," అంది ఆమె. "ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం ఆవిడ ఆగినంతసేపూ మధ్యపేట మునుగుతూనే ఉంది. అక్కడ ఎవరి బిడ్డలు వాళ్లకి ఉన్నారు." బిళ్ల తీసిన పెట్టెకి మూత పెట్టింది. "నా పిల్లలిద్దరూ మధ్యపేట బళ్లోనే చదువుతున్నారు, గురువులు గారూ. నేనూ ఆవిడకి ఓటు వెయ్యలేకపోయాను."

అతనికి కోపం రాలేదు. కిటికీలోంచి కనిపిస్తున్న సముద్రం కేసి చూస్తూ నిలబడ్డాడు.

"మీరు?" అని అడిగింది మెహరున్నీసా.

"సుభాషిణికే వేశాను."

"ఆ నిమిషం చూశాక కూడా ధైర్యంగా వేశారంటే మీరు గొప్పవారు."

గురువులు తల అడ్డంగా ఊపాడు.

"ఆ నిమిషం చూసి కాదండీ," అన్నాడు మెల్లగా. "ఆవిడ మా మనిషి కదా."