దుబాసి చేతికిచ్చిన కాగితం

"పదకొండింటికి కోర్టు. పదింటికల్లా ఈ కాగితం దుబాసికి అందాలి," అన్నాడు చీఫ్.

ఏజెంట్ కవరు అందుకున్నాడు. పన్నెండేళ్లుగా ఆయన్ని గురువుగారనే పిలుస్తున్నాడు.

తాళాల మేస్త్రి ఒకాయన విదేశీ ఎంబసీలో లాకర్లు బాగుచేస్తూ, వాళ్ల గూఢచారుల జాబితా చూశాడు. మూడో రోజుకి విషప్రయోగం. పోయాడు. భార్య ఆ ప్రభుత్వం మీదే దావా వేసింది. పరాయి ప్రభుత్వాన్ని మన కోర్టు విచారించే దారులు కొద్ది. ఆ ప్రభుత్వమే ఒప్పుకోవడం అందులో ఒకటి. మేస్త్రిని పనికి కుదుర్చుకున్న ఒప్పందంలో వాళ్లు ఆ మాటకు సంతకం పెట్టారు. తగాదా వస్తే ఈ దేశపు కోర్టుకే! కవరులో ఉన్నది ఆ ఒప్పందమే, మరో ప్రతి లేదు.

"దుబాసిని నమ్మొచ్చా, గురువుగారూ?"

"జీతం వాళ్లది, పని మనది. డబుల్ ఏజెంట్. నా మాట మీద నమ్ము."

కోర్టు మెట్ల మీద నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్‌తో దుబాసి.

"టైమెంతయిందండీ?"

"నా వాచీ ఐదు నిమిషాలు వెనక."

కోడ్ సరిపోయింది. అనువాదం జతచేసి కోర్టుకిస్తానని ఆమె కవరు తీసుకుంది. ఏజెంట్ బంట్రోతు వేషంలో హాల్లోకి వెళ్లాడు.

జడ్జి ఒప్పందం అడిగాడు. దుబాసి విదేశీ లాయరు వెనక కుర్చీలో కూర్చుని ఉంది. ఏజెంట్ నీళ్ల జగ్గుతో ఆమె మీదికి వంగాడు.

"కాగితమేదీ?"

"కాల్చేశాను. నన్నలా చూడకండి. కాల్చమన్నది మీ గురువుగారే. రెండు ప్రభుత్వాలకీ ఏదో బేరం కుదిరిందట."

పన్నెండేళ్లలో ఆయన 'నమ్ము' అన్న ప్రతిసారీ గుర్తొచ్చింది. వాటిలో ఎన్ని నిజం?

విదేశీ లాయరు లేచాడు. "మా ప్రభుత్వాన్ని విచారించే అధికారం ఈ కోర్టుకు లేదు. అంతకు మించి మేమేమీ మాట్లాడం."

ఆ మౌనమే వాళ్ల కోట. ఈ కోర్టును ఒక్కటంటే ఒక్కటి అడిగారా, కోట కూలినట్టే.

నీళ్లు పోయడానికి వచ్చిన ఏజెంట్‌తో మేస్త్రి భార్య గొణిగింది. "దేవుణ్ణే రోజూ నిలదీస్తున్నాను. వీళ్లు ఆయన కంటే పెద్దవాళ్లా, బాబూ?"

ఆమె ఒళ్లో ఎంబసీ ముద్ర ఉన్న చిన్న ఇనప్పెట్టె కనిపించింది.

"అదెక్కడిదమ్మా?"

"వాళ్లదే. బాగుచేయడానికి ఆయన ఇంటికి తెచ్చారు. తీయడం నాకూ వచ్చు."

"అయితే ఇక్కడే తీయండి. ఇప్పుడే!"

ఆమె పెట్టెను బల్ల మీద పెట్టి తాళంలో తీగ దూర్చింది. జడ్జి దావా కొట్టేయడానికి కలం అందుకున్నాడు. తాళం క్లిక్‌మంది.

విదేశీ లాయరు ఎగిరి లేచాడు. "ఆపండి! అది మా ప్రభుత్వ ఆస్తి! మాకు అప్పగించమని ఆర్డర్ వేయండి!"

దుబాసి అతని కోటు పట్టి లాగింది. జడ్జి కలం ఆగింది.

"ఆర్డర్ ఈ కోర్టునే అడుగుతున్నారా?"

"అవును! వెంటనే!"

"అడిగారంటే మా అధికారాన్ని ఒప్పుకున్నట్టే. రాసుకోండి. విచారణ జరుగుతుంది."

ఆమె మూత తీసింది. లోపల ఒక స్క్రూడ్రైవరు, మేస్త్రి కళ్లజోడు తుడుచుకునే గుడ్డ. ఆ గుడ్డను కళ్లకద్దుకుంది.

వరండాలో ఏజెంట్ చేతి వాచీలోని స్పీకరులో చీఫ్ గొంతు గరగరలాడింది. "కొట్టేశారా, నాన్నా? పోనీలే. మన ప్రయత్నం మనం చేశాం."

నాన్నా అన్న పిలుపు ఎప్పటిలాగే ఆప్యాయంగా ఉంది. అదే భరించలేకపోయాడు.

"కొట్టేయలేదు, గురువుగారూ. సాక్షుల జాబితాలో మీ పేరు రాయించాను. రానని అనడానికి వీల్లేదు. మీరేమీ విదేశీ ప్రభుత్వం కాదుగా!"