మెరిసిన డిస్క్

శనివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. ఇంట్లో అందరూ కునుకు తీస్తున్నారు. పిడుగు మాత్రం మెట్ల పక్కన బకెట్టు పెట్టుకుని అత్త బండి కడుగుతోంది.

పిడుగు అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది. మిగతా లోకానికంతా పిడుగే. పదేళ్ళుంటాయి. కూర్చోమంటే నిలబడుతుంది, నిలబడమంటే పరిగెడుతుంది.

బండి మేనత్తది. అత్త రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. వారమంతా జనానికి సూదులు గుచ్చి, ఆదివారం మోటారుసైకిలెక్కుతుంది. అత్తతో కలిపి ఎనిమిదిమంది జట్టు. తెల్లవారగానే బయల్దేరి, వంకర దారులన్నీ తిరిగి, భోజనం వేళకి ఇళ్ళు చేరతారు.

ఈ జట్టుకొక అలవాటుంది. బయల్దేరే ముందు ఒకరి బండిని ఇంకొకరు చూడాలి. గొలుసు వదులుగా ఉందా, చక్రాల్లో గాలుందా, లైటు వెలుగుతోందా అని. ఊరికే చూస్తే బాగానే ఉండేది. చూస్తూ చూస్తూ మాటలతో నాలుగు పోట్లు కూడా పొడుస్తారు.

పోయిన ఆదివారం అత్త బండిని కెప్టెన్ చూశాడు. కెప్టెన్ అంటే యుద్ధాలు చేసినవాడేం కాదు, బీమా ఆఫీసులో గుమస్తా. జట్టులో ముందు నడుస్తాడు కాబట్టి ఆ పేరు.

"ఏమ్మా, ఈ బండికి స్నానం చేయించి ఎన్నాళ్ళయింది? దీనికంటే గేదె నయం!" అన్నాడు.

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. పిడుగు నవ్వలేదు. ఆ మాట దాని మనసులో ముల్లులా గుచ్చుకుంది.

అందుకే ఈ కడగడం. ట్యాంకు తోమింది. రేకులు తోమింది. పాత బ్రష్షుతో చక్రం పుల్లలన్నీ తోమింది. తీరా తడి ఆరాక చూస్తే, ముందు చక్రం పక్కనున్న డిస్క్ మీద ఎర్రటి పొర లేచింది.

డిస్క్ అంటే పళ్ళెంలాంటి గుండ్రటి ఇనుము. బ్రేకు నొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని అటూ ఇటూ గట్టిగా పట్టుకుంటాయి. అప్పుడు బండి ఆగుతుంది.

'తుప్పు! రేపు కెప్టెన్ ఇది చూస్తే ఇంకేమైనా ఉందా!' అనుకుంది పిడుగు. గుడ్డతో రుద్దింది. పోలేదు. గూట్లో చూస్తే టైర్లకి మెరుపు తెచ్చే పాలిష్ డబ్బా కనిపించింది. డిస్క్ మీద ఇటు కొట్టింది, అటు కొట్టింది. పాత బనీనుతో రుద్దింది. డిస్క్ అద్దంలా అయింది. వంగి చూస్తే తన పళ్ళు తనకే కనిపించాయి.

ఆ రోజు పొద్దునే మెకానిక్ తాత ఆ బ్రేకుకి కొత్త ప్యాడ్లు వేశాడు.

తాతది వీధి మొదట్లో రేకుల షెడ్డు. తాత పని చేస్తే గుర్తుపట్టొచ్చు. బిగించిన ప్రతి నట్టు మీదా పసుపు రంగు చుక్క పెడతాడు. "ఇది నేను బిగించాను. రేపు ఊడితే నన్నడుగు" అని దాని అర్థం. బండి తిరిగి ఇచ్చేటప్పుడు అందరికీ ఒకే మాట చెప్తాడు. "నా చెయ్యి పడ్డాక ఇంకో చెయ్యి పడితే నాకు చెప్పండి. ఇద్దరు డ్రైవర్లు నడిపే బస్సు ఎక్కడికీ పోదు."

ఆ మాట పిడుగు వందసార్లు విని ఉంటుంది. కడగడం, తుడవడం కూడా 'ఇంకో చెయ్యే' అని మాత్రం దానికి తట్టలేదు.

ఆదివారం పొద్దున బండ్లన్నీ అత్త గేటు ముందు చేరాయి. కెప్టెన్ అత్త బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"అబ్బో! వారంలో గేదె పెళ్ళికూతురైపోయిందే! ఎవరి పనితనం ఇది?"

"నాదే" అంది పిడుగు, గేటెక్కి కూర్చుని.

"శభాష్! ఇవాళ మీ అత్తే ముందు నడుస్తుంది."

కెప్టెన్ బ్రేకు నొక్కి చూశాడు. గట్టిగానే ఉంది. నిలబడ్డ బండికి అంతకంటే ఏం తెలుస్తుంది?

అత్త హెల్మెట్ పెట్టుకుంది. పిడుగు వైపు చెయ్యి ఊపింది. వీధి చివర దిగుడు, దాని కింద మలుపు. మలుపులో ఒక తోపుడుబండి అడ్డొచ్చింది. అత్త ముందు చక్రం బ్రేకు నొక్కింది. బండి ఆగలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. వెన్న రాసిన గరిటెలా జారిపోయింది. వెనక బ్రేకు తొక్కేసరికి వెనక చక్రం అడ్డంగా తిరిగి, బండి పోయి రోడ్డు మధ్య దిమ్మెకి కొట్టుకుంది.

పిడుగు గేటు మీంచి దూకి పరిగెత్తింది.

హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది. కుడి భుజం దగ్గర ఎముక విరిగింది. అత్త మొహం తెల్లకాగితంలా ఉంది. తోపుడుబండి అతను నీళ్ళు తాగిస్తున్నాడు. కెప్టెన్ చక్రం దగ్గర వంగి డిస్క్ ముట్టుకుని, వేళ్ళు రాసుకుని చూశాడు.

"జిడ్డు! డిస్క్ నిండా జిడ్డు! నిన్న ప్యాడ్లు వేసిందెవరు?"

"ముసలాయనేగా" అన్నారెవరో.

"అనుకుంటూనే ఉన్నా. గ్రీజు చేత్తోనే పట్టుకుని ఉంటాడు. ఈమధ్య ఆయనకి కళ్ళు కూడా ఆనట్లేదు. ప్రాణాలతో చెలగాటమిది!"

పిడుగు నోరు తెరిచింది. అప్పుడే అత్త "అమ్మా" అని మూలిగింది. తెరిచిన నోరు మూసుకుపోయింది.

బండిని తాత షెడ్డుకి తీసుకెళ్ళలేదు. వేరే చోటికి లాక్కెళ్ళి, డిస్క్ కడిగించి, ప్యాడ్లు పారేయించారు. తాత ఆ జిడ్డుని కళ్ళతో చూడనే లేదు. చూసి ఉంటే, వాసన పట్టి ఇది గ్రీజు కాదని చెప్పేవాడు. ఆయన దాకా వచ్చింది మాటలొక్కటే.

మాటలు మాత్రం బాగానే వచ్చాయి. జట్టులో ఒక్కొక్కరూ షెడ్డు మానేశారు. వాళ్ళని చూసి వీధిలోవాళ్ళు మానేశారు. "పాపం, వయసైపోయింది" అని కొందరు. "గుడ్డోడి చేతికి బ్రేకిస్తామా" అని కొందరు.

పిడుగు అబద్ధమాడలేదు. ఎవరూ అడగలేదు, అది చెప్పలేదు, అంతే. ఆ మాటే తనకి తాను పదేపదే చెప్పుకుంది. తేలు కుట్టిన దొంగలా బడికి పోయి, తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చేది. పెట్టింది తిని, అడిగినదానికి ఊఁ అనేది.

"దీనికేమైందే? పిడుగు తడిసిన టపాకాయైపోయింది" అంది అమ్మ.

"నాకు దెబ్బ తగిలిందని బెంగ పెట్టుకుంది వదినా" అంది అత్త, ఎడం చేత్తో పిడుగు తల నిమురుతూ. ఆ చెయ్యి పిడుగుకి రాయిలా బరువనిపించింది.

పదకొండు రోజులు గడిచాయి. ఆ రోజు బడి నుంచి వస్తుంటే సైకిల్లో గాలి తగ్గింది. వేరే షాపు దూరం. తప్పక షెడ్డు ముందు ఆగింది.

రేకు తలుపు మీద సుద్దతో రాసి ఉంది: 'గాలి, పంక్చర్ మాత్రమే. బ్రేకు పని చెయ్యను.'

లోపల తాత ఒక్కడే ఉన్నాడు. చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. బల్ల మీద తెల్లకాగితం పెట్టి, పది వేళ్ళూ ఒక్కొక్కటే దాని మీద ఒత్తాడు. కాగితాన్ని వెలుతురులోకి ఎత్తి చూశాడు. మళ్ళీ కడుక్కున్నాడు. మళ్ళీ ఒత్తాడు.

"తాతా, గాలి" అంది పిడుగు.

"ఓ, నువ్వా! ఇలా రావే. నీ కళ్ళు మంచివి కదా. ఈ కాగితం మీద మరకేమైనా ఉందా చూడు."

పిడుగు చూసింది. కాగితం మల్లెపువ్వులా ఉంది.

"లేదు తాతా."

"సరిగ్గా చూడు. నాకూ లేనట్టే ఉంటుంది. ఆవేళా లేదనే అనుకున్నా." తాత కాగితం మడిచాడు. "చెయ్యి తుడుచుకున్నట్టే గుర్తు. ఒకసారి కాదు, రెండుసార్లు. కానీ ముసలాడి గుర్తుకి విలువేముంది? మీ అత్త పడనైతే పడిందిగా."

గాలి కొట్టి పంపాడు. పిడుగు సైకిలెక్కలేదు. నడిపించుకుంటూ ఇంటికొచ్చింది. తిన్నగా అత్త గదిలోకి పోయింది.

"అత్తా, డిస్క్‌కి పాలిష్ కొట్టింది నేను."

అత్త పుస్తకం దించింది. "ఏ పాలిష్?"

"టైర్లది. తుప్పు పట్టిందని..."

అత్త పుస్తకం మూసి పక్కన పెట్టింది. తిడితే బాగుండుననిపించింది పిడుగుకి.

"అది తుప్పు కాదే. తడికి లేచే పొర. ఒక్కసారి బ్రేకు వేస్తే అదే పోతుంది." అత్త పిడుగు వైపు తిరిగింది. "తెలీక చేశావు, దాని గురించి నేనేమీ అనను. పదకొండు రోజులు ఎలా ఊరుకున్నావే? నేను కూడా ఆయన్ని అనుమానించాను కదే!"

పిడుగు ఏడ్చింది. అత్త దగ్గరికి తీసుకోలేదు.

"నా దగ్గర ఏడవకు. పోయి ఆయనకి చెప్పు."

పిడుగు మళ్ళీ షెడ్డుకెళ్ళింది. తాత తలుపు మూయబోతున్నాడు. గడప దగ్గరే నిలబడి అంతా చెప్పింది. మధ్యలో ఎక్కిళ్ళొచ్చాయి. అయినా ఆపలేదు.

"ఏ గుడ్డతో రుద్దావు?" అన్నాడు తాత.

"పాత బనీను."

"రెండు వైపులా?"

"రెండు వైపులా."

తాత స్టూలు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు, తప్పిపోయి ఇంటికొచ్చిన పిల్లల్ని చూసినట్టు. కళ్ళు తడయ్యాయి. తుడుచుకోలేదు.

"అయితే తుడుచుకునే పట్టుకున్నానన్న మాట" అన్నాడు.

"అవును తాతా. ఇంక బ్రేకు పని చెయ్యొచ్చు కదా? ఆ రాత చెరిపేయనా?"

"ఉంచు."

"తప్పు నాది కదా తాతా!"

"నీదే. కాదనను. కానీ పదకొండు రోజులు ఈ చేతుల్ని నేనే నమ్మలేదు. ఇప్పుడు పట్టుకుంటే వణుకుతున్నాయి. వణికే చెయ్యి బ్రేకు మీద పడకూడదు." తాత లేచాడు. "ఆ రోజే చెప్పి ఉంటే ఒక తిట్టుతో పోయేది. ఇంటికి పో. చీకటి పడుతోంది."

పిడుగు ఇంటి దారి పట్టింది.

అత్త ఆ వారమంతా పొడిపొడిగానే మాట్లాడింది. 'తిన్నావా', 'తలుపు వెయ్యి', అంతే.

ఆదివారం వచ్చింది. అత్త వెళ్ళకపోయినా జట్టు ఎప్పటిలా ఆ గేటు ముందే చేరింది. ఒకరి బండి ఒకరు చూసుకుంటూ పోట్లు పొడుచుకుంటున్నారు. పిడుగు గేటు తీసుకుని బయటికొచ్చింది. ఎవరూ పిలవలేదు, పంపలేదు.

"అంకుల్, ఒక మాట. అత్త బండి డిస్క్‌కి జిడ్డు రాసింది నేను. టైర్ పాలిష్. మెకానిక్ తాత కాదు."

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు.

"అయ్యయ్యో... పోనీలేమ్మా. చిన్నపిల్లవి, తెలీక చేశావు."

"తాత చేశాడనుకున్నప్పుడు పోనీలే అనలేదుగా" అంది పిడుగు.

కెప్టెన్ మొహం గంటు పెట్టుకున్నాడు. పక్కాయన హెల్మెట్ పట్టీని లాగాడు, వదిలాడు, మళ్ళీ లాగాడు. ఇంకొకాయన నేల చూపులు చూశాడు.

"సరేలే, వీలు చూసుకుని వెళ్ళి కలుస్తాం ఆయన్ని" అన్నాడు కెప్టెన్. "పదండి, ఎండెక్కుతోంది."

ఇంజన్లు మోగాయి. ఒకాయన మాత్రం వెంటనే కదల్లేదు. షెడ్డు వైపు ఒకసారి చూశాడు. ఆఖరికి ఆయనా వెళ్ళిపోయాడు.

పిడుగు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. వచ్చినవాళ్ళు ఐదుగురు. అత్తని తీసేస్తే ఏడుగురుండాలి.

"అత్తా! ఇంకా ఇద్దరు రాలేదు. వాళ్ళెక్కడ?"

అత్త మెట్ల మీద నిలబడి అంతా చూస్తోంది. చెయ్యి మెడకి కట్టిన పట్టీలో వేలాడుతోంది. "ఒకాయనకి జ్వరం. ఇంకొకామెకి డ్యూటీ ఉందట. నేను ఫోన్ చేసి చెప్తాలే."

"వద్దు. వాళ్ళిళ్ళెక్కడో చెప్పు."

అత్త దాన్ని ఎగాదిగా చూసింది. "దూరమే, ఇద్దరివీ రెండు దిక్కులు" అంది. ఇంకేమీ అనకుండా ఎడం చేత్తో చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది.

ఇద్దరూ నడిచారు. మార్కెట్ దాటాక, రెండో సందులో నీలం తలుపు దగ్గర అత్త ఆగింది. పిడుగే ముందుకెళ్ళి తలుపు తట్టింది.

దుప్పటి కప్పుకున్న మనిషి దగ్గుతూ తలుపు తీశాడు. "ఎవరమ్మా?"

"అంకుల్, అత్త బండి డిస్క్‌కి పాలిష్ రాసింది నేను. మెకానిక్ తాత తప్పేమీ లేదు. మీరు ఎవరెవరితో తాత తప్పన్నారో చెప్పండి, వాళ్ళ దగ్గరికీ వెళ్ళాలి."

ఆయన గడప మీద కూలబడి, ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంటూ చెప్పడం మొదలుపెట్టాడు. చాలామందే ఉన్నారు.