ఫొటో రాని గడి

టీ వేళకల్లా తేలిపోయే పనేనని ఆమె అనుకుంది. ఫ్యాక్టరీ ఆఫీసులో డేటాబేస్ చూసేది ఆమె ఒక్కతే. కార్మికుల రికార్డుల్లో కొందరి ఫొటోలు రావడం లేదని, వాటి చోట తెల్ల గడి మాత్రమే కనబడుతోందని గుమాస్తా పెద్దాయన కబురు పెట్టాడు.

"ఎవరో ఫోల్డర్ కదిపుంటారు బాబాయ్. సాఫ్ట్‌వేర్‌కి ఫొటో ఎక్కడుందో చిరునామా ఒక్కటే తెలుసు. ఇల్లు మారిస్తే అదేం చేస్తుంది పాపం!" అంటూ కుర్చీ లాక్కుంది.

రికార్డుల గదికి కిటికీల్లేవు. ఏసీలోంచి తడి గోనెసంచి వాసన వస్తోంది. గోడ అవతల మెషీన్ల రొద. ఆమె భర్త అక్కడే వెల్డరు.

ఫోల్డర్ ఎక్కడికీ కదల్లేదు. చిరునామా సరిగ్గానే ఉంది. ఫొటోని విడిగా తెరిస్తే లక్షణంగా తెరుచుకుంది. రికార్డులో మాత్రం తెల్ల గడే. ఇదేం తిరకాసురా బాబూ అని ఆమెకి చిరాకేసింది.

పెద్దాయన తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, పిచ్చాడినని అనుకోకు. మొదట క్రేన్ డ్రైవర్ ఫొటో పోయింది. వారం తిరక్కుండా మనిషి పోయాడు. ఆయన పోగానే ఫొటో దానంతటదే వచ్చింది. స్టోర్స్ అతనిదీ అంతే."

"ఊరుకో బాబాయ్, పట్టపగలు దెయ్యం కథలేంటి!"

అయినా క్రేన్ డ్రైవర్ రికార్డు తెరిచింది. గుబురు మీసం, కనుబొమ మీద గాటు. ఫొటో బాగానే ఉంది. తర్వాతి రికార్డుకి వెళ్లింది. తెల్ల గడి. పేరు చదివింది.

తన మొగుడిది.

గబగబా అతనికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పెద్దాయన వెల్డింగ్ షెడ్డుకి ఫోన్ కలిపాడు. "ట్యాంకులో దిగి వెల్డింగ్ చేస్తున్నాడట. పైకి పంపమని చెప్పాను."

ఆ గడి నింపితే చాలు, గండం గడుస్తుందని ఆమెకి గట్టిగా తోచింది. చెమటలు కారుతుంటే ఫొటో మళ్లీ ఎక్కించింది. రాలేదు. ప్రోగ్రాంలో ఆదేశాలు మార్చింది. రాలేదు. ఒక రికార్డు దాటగానే దాని ఫొటోని తెర మీంచి చెరిపెయ్యమని చెప్పే ఆదేశం ఒకటుంటుంది. కంగారులో దాన్ని కూడా తీసేసింది. సేవ్ చేసి, క్రేన్ డ్రైవర్ రికార్డు మీదుగా మళ్లీ భర్త రికార్డుకి వెళ్లింది.

గడి నిండింది! ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుని చూసింది.

గుబురు మీసం... కనుబొమ మీద గాటు... కింద తన భర్త పేరు.

వెనకటి మనిషి ఫొటో చెరగకుండా ఉండిపోయింది. దిద్దబోయింది. కీబోర్డు పలకలేదు. గోడ అవతల రొద ఆగింది...

తలుపు తెరుచుకుంది.

"ఏమోయ్, పైకి రమ్మన్నావట?"

భర్త గొంతే. భర్త చొక్కానే. ఎడమ భుజం వంచి నిలబడే తీరూ ఆయనదే. మొహం మాత్రం... గుబురు మీసం. కనుబొమ మీద గాటు.

"వచ్చాడుగా మీ ఆయన! ఊరికే హడలి చచ్చావు," పెద్దాయన నవ్వాడు. ఆయనకి ఏ తేడా కనబడలేదు.

ఆమె వెనక్కి జరిగి గోడకి అంటుకుపోయింది.

"పద... ఇంటికెళ్దాం," అతను చెయ్యి చాచాడు.

పెద్దాయన తెర మీదకి వంగి సంబరంగా అన్నాడు. "అమ్మాయ్, ఇటు చూడు. నువ్వు ముట్టుకోకుండానే బాగైపోయింది. మీ ఆయన అసలు ఫొటో వచ్చేసింది!"