యంగోనా ఒలికిన పూట

"ఓడ నీళ్లలోకి దిగేలోపు పేల్చేస్తారు. ఎవడో తెలీదు, ఎక్కడున్నాడో తెలీదు. నువ్వు మాత్రం కదలకు." ఇయర్‌పీస్‌లో డైరెక్టర్ మెరెయోని గొంతు.

కదలమన్నా ఏజెంట్ విలిసోని కదల్లేడు. సువా షిప్‌యార్డులో చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వేషం: కంబారా దీవి అతిథి. నిజానికి వేషమే అక్కర్లేదు, అతనిది ఆ దీవే. ఎదురుగా, శుభకార్యానికి ముందు పెద్దలు తాగే వేళ్ల రసం యంగోనా కలిపే పెద్ద కొయ్యగిన్నె. దాని అవతల షిప్పింగ్ మంత్రి, పక్కన కంబారా దీవి పెద్ద, అంటే విలిసోని పెదనాన్న. గిన్నె పెట్టాక పెద్దల ముందు లేవడమంటే వాళ్ల మొహాన ఉమ్మినట్టే.

దీవుల మధ్య సరుకు ఇక్కడ కట్టిన ఓడల్లోనే పోవాలి, సగం ఖర్చు సర్కారుది. ఆ కొత్త చట్టం కింద తయారైన మొదటి ఓడ ఇది. ఇది పేలితే చట్టం అటకెక్కుతుంది. పాత విదేశీ కంపెనీ మళ్లీ దిగుతుంది. లాభం లేదని కంబారాకు ఓడ ఆపేసింది ఆ కంపెనీయే. పురిటికి వెళ్లిన విలిసోని భార్య అక్కడే చిక్కుకుపోయింది, పనిమీద సువాకొచ్చిన పెదనాన్న ఇక్కడ. కూతురికి నడకొచ్చిందట. తండ్రి ఇంకా మొహం చూడలేదు.

పక్కన వెరోనిక్ జుట్టులో మందారం సర్దుకుంది. ఓడ పేల్చే ముఠాకూ, మెరెయోని వాళ్లకూ కూడా పనిచేసే అందగత్తె. పెదవి కదపకుండా అంది: "రిమోట్ ఎదుటి గుట్ట మీద, నీలం వ్యాన్‌లో ఒకడి చేతిలో ఉంది. మంత్రి యంగోనా తాగగానే నొక్కుతాడు."

"ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే కదయ్యా మీవైపు మారింది!"

"విన్నాను," అంది మెరెయోని. "మనవాళ్లు గుట్టెక్కేదాకా, మంత్రి తాగకుండా రెండు నిమిషాలు ఆపు. అరిచావో, వాడు నొక్కేస్తాడు."

మంత్రి కోసం కొబ్బరిచిప్పలో యంగోనా నింపుతున్నారు. ఓడ కింద దిమ్మెల పక్కన కార్మికులు నవ్వుతూ కూర్చున్నారు. విలిసోనికి ఏడుపొచ్చింది. లేచాడు, తూలాడు, వెళ్లి గిన్నె మీద పడ్డాడు. యంగోనా అంతా చాపల పాలైంది.

"పొద్దున్నే పట్టించొచ్చాడ్రా వీడు!" అన్నారెవరో. మళ్లీ కలపడం మొదలుపెట్టారు.

"దొరికాడు," అంది ఇయర్‌పీస్. "వేలు బటన్ మీదే ఉంది."

ఓడ నీళ్లలోకి జారింది. అంతా కేరింతలు కొట్టారు. పెదనాన్న మాత్రం విలిసోని దగ్గరికొచ్చాడు.

"దీవి పరువు తీశావు కదరా! క్షమాపణ చెప్పుకునేదాకా ఆ ఓడ ఎక్కావంటే కాళ్లు విరగ్గొడతా."

ఆయన వెళ్లాక విలిసోని బతిమాలాడు. "మేడమ్, ఆయనొక్కడికైనా నిజం చెప్పండి."

"బాంబు సంగతి పొక్కితే ఇక్కడి ఓడలకు ఇన్సూరెన్స్ ఇచ్చేవాడుండడు. చట్టానికి నూకలు చెల్లినట్టే. నోరు మూసుకుని క్షమాపణ చెప్పెయ్."

"అది దీవిలో, అందరి ముందూ చెప్పాలి మేడమ్."

"అయితే వెళ్లి చెప్పు. ఎవరొద్దన్నారు?"

"అక్కడికి వెళ్లేది ఆ ఓడొక్కటే."