ఇసుకలో కుడి చక్రం

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు దాలయ్య చనిపోయాడు. ఎనిమిదింపావుకు గంజాం ఎస్సై భీమేశ్వరరావు పొడంపేట చేరాడు.

చేరాడంటే, నడిచి చేరాడు. స్టేషన్ జీపు ఊరి బయట ఇసుకలో కూరుకుపోయింది. ఎడమ వెనక చక్రం గిర్రున తిరిగి గొయ్యి తవ్వుకుంది. కుడి చక్రం తనకేమీ పట్టనట్టు కదలకుండా కూర్చుంది. డ్రైవర్ని నాలుగు తిట్టి, బూట్ల నిండా ఇసుకతో ఆయన బయల్దేరాడు.

దాలయ్య తన పాత జీపుతో ఊళ్ళో పడవలన్నీ ఒడ్డుకు లాగేవాడు. ఆ జీపే అతని మీద పడింది. ఊరివాళ్ళు శవాన్ని బయటికి లాగి చాప మీద పడుకోబెట్టారు. ఛాతీ నుజ్జయిపోయింది.

జీపు మాత్రం పడినచోటే ఉంది. జాకీ పక్కకి ఒరిగిపోయి ఉంది.

భార్య చిట్టమ్మ గడప దగ్గర కూర్చుని ఎడమ పాదాన్ని ఇసుకతో తోముకుంటోంది. ఎస్సైని చూడగానే రెండు చేతులూ ముందుకు చాపింది.

"నానే సంపేసినాను బాబూ. తీసుకెల్లిపోండి."

ఊరిదీ అదే మాట. భీమేశ్వరరావు ఒక్కొక్క ప్రశ్నే వేసి సంగతి రాబట్టాడు. ఏ రిపేరు చేసినా మర్నాడు పొద్దున దాలయ్యకి ఒక అలవాటుంది. ఎడమ వెనక చక్రాన్ని జాకీతో లేపి, కింద పడుకుని, ఇరుసుకి చెవి ఆనించేవాడు. చిట్టమ్మ ఇంజన్ స్టార్ట్ చేసి, ఫస్ట్ గేరు వేసి, ఎడమ కాలితో క్లచ్ వదిలేది. చక్రం గాల్లో తిరిగేది. జీపు కదిలేది కాదు. అతను బేరింగ్ చప్పుడు వినేవాడు. పదేళ్ళుగా ఇంతే. ఈ పొద్దున జీపు ఒక్కసారిగా ముందుకు దూకింది.

"నిన్న ఏటి రిపేరమ్మా?"

"లాకరు బిగిద్దామన్నారు బాబూ. అది సరిపోనేదు."

బరంపురం బడా బజార్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ లాకర్ అది. ఇరుసు మధ్య డిఫరెన్షియల్లో పళ్ళ చక్రాలు తీసి దాన్ని బిగిస్తే రెండు వెనక చక్రాలూ కలిసే తిరుగుతాయి. ఇక బండి ఇసుకలో దిగబడదు. నిన్న పెరట్లో దాలయ్యా, చిట్టమ్మ తమ్ముడు కొండబాబూ కలిసి ఇరుసు విప్పారు. నాలుగింటికి దాలయ్య పనుండి రంభ వెళ్ళాడు. ఏడింటికి అతను తిరిగొచ్చాక కొండబాబు, సైజు సరిపోలేదు, పాత పళ్ళ చక్రాలే మళ్ళీ బిగించేశానని బావకీ అక్కకీ చెప్పాడు.

కొండబాబు మొహం భీమేశ్వరరావుకు కొత్త కాదు. ఫిబ్రవరిలో తాబేళ్ళు గుడ్లు పెట్టే రోజుల్లో, వేట నిషేధం ఉండగా ఋషికుల్య సముద్రంలో కలిసే మొగలో వల వేశాడు. అతని పడవను సీజ్ చేశారు. పోలీసులకు అతని పేరు చెప్పింది బావ దాలయ్యేనని ఊరంతటికీ తెలుసు.

"మా అప్ప క్లచ్చి ఒక్కపాలి ఒగ్గీసింది బాబూ," అన్నాడు కొండబాబు, కళ్ళు తుడుచుకుంటూ.

"లోపల ఇప్పుడు ఏటున్నాయి?"

"పాత పళ్ళ చక్రాలే."

"లాకరు?"

"మా ఇంట్లో ఉంది. పెట్టెలో. రేపు కొట్లో తిరిగిచ్చేస్తాను."

భీమేశ్వరరావు జీపు వెనక్కి వెళ్ళి వంగాడు. నేల మీదే ఉన్న కుడి చక్రం వెనక ఇసుక జానెడు లోతున గీరుకుపోయి ఉంది. ఆ గీతను చాలాసేపు చూశాడు. ఊరి బయట కుడి చక్రం కదలకుండా మొరాయించిన తన జీపు గుర్తొచ్చింది. వెంట వచ్చిన కానిస్టేబుల్‌ని ఆ పెట్టె తెమ్మని కొండబాబు ఇంటికి పంపాడు.

పది గంటలకు అందర్నీ పెరట్లోకి పిలిచి, రెండు జాకీలతో రెండు వెనక చక్రాలూ లేపించి, గేరు తీయించాడు.

"కొండబాబూ, ఎడమ చక్రం తిప్పు."

కొండబాబు చెయ్యి లేవలేదు. ఎస్సైయే తిప్పాడు. అవతల కుడి చక్రం కూడా తిరిగింది. అదే వైపుకి.

"పాతవే ఉంటే అది ఎదురు తిరగాల," అన్నాడు భీమేశ్వరరావు. "పాతవే ఉంటే పొద్దున క్లచ్చి ఎంత జోరుగా ఒదిలినా గాల్లో చక్రమే తిరిగేది. నేల మీద చక్రం ఇసుకని గీరేది కాదు. జీపు కదిలేది కాదు. లాకరు లోపలే ఉంది. బిగించింది నువ్వు. బిగించలేదని సెప్పింది నువ్వు. పొద్దున మీ బావ ఏటి చేస్తాడో నీకు తెలుసు."

కానిస్టేబుల్ తెచ్చిన పెట్టె విప్పాడు. అందులో గేర్ ఆయిల్ ఓడుతున్న పాత పళ్ళ చక్రాలున్నాయి.

"నా పడవ ఇసకలో కుల్లిపోతంది," అన్నాడు కొండబాబు. బేడీలు పడ్డాయి.

భీమేశ్వరరావు చిట్టమ్మ వైపు తిరిగాడు. "సంపింది నువ్వు కాదమ్మా."

ఆమె లేచి తమ్ముడి ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"తోడబుట్టినోడివి. మీ బావని సంపడానికి నీకు నా కాలే దొరికిందేట్రా?"

భీమేశ్వరరావుకు కేసు తేల్చానన్న సంతోషం ఏ కోశానా లేదు. నిందితుణ్ణి తీసుకుని ఇసుకలో నడక సాగించాడు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాడు.

చిట్టమ్మ మళ్ళీ గడప దగ్గర కూర్చుని ఎడమ పాదాన్ని ఇసుకతో తోముకుంటోంది.